లేపే వంతు

బెంగుళూరులో రైలూ మెట్రో కలిసే పెద్ద స్టేషన్ ఒకటి ఉంది. కింద పట్టాల మీదికి ఊళ్ళ బండ్లు వస్తాయి, పైన వంతెన మీద మెట్రో పోతుంది, రెంటికీ నడుమ కదిలే మెట్లు. పొద్దున ఎనిమిదింటికి అక్కడ నిలబడి చూడాలి, పుట్ట పగిలిందా అన్నట్టుంటుంది జనం. ఆ జనం కాళ్ళ కింద నేల మాత్రం ఎప్పుడూ తళతళలాడాలి. తుడిచే చేతులు ఆ నగరానివి కావు. నూరు కిలోమీటర్ల అవతల, వాన మొహం చూడని మన హిందూపురం పక్క నుంచి తెల్లారకముందే బండెక్కి వస్తాయి. ఇంటి ముందు కళ్ళాపి చల్లడానికి చెంబెడు నీళ్ళు లేని ఆడవాళ్ళు అక్కడ గొట్టాలు పట్టుకుని మెట్లు కడుగుతారు. చోద్యం కాకపోతే ఏమిటి, చెప్పండి!

రోషన్ బీ ఆ ఆడవాళ్ళలో ఒకతె. హిందూపురంలో గ్యాస్ స్టవ్వులు బాగుచేసే జిలాన్ బాషా భార్య. యాభై దాటింది. పదకొండేళ్ళుగా ఆ స్టేషన్లో నీలం కోటు తొడుక్కుని కమ్మీలు తుడుస్తోంది. ఆమెతో పాటే, ఒకే రోజున, పనిలో చేరింది నల్లమ్మ. నల్లమ్మది ఎర్రబండ. హిందూపురానికి రెండు స్టేషన్ల ముందు, చేలలో ఒంటరిగా ఉండే హాల్టు. జానెడు ప్లాట్‌ఫారం, ఒక రేకుల షెడ్డు, బుద్ధి పుడితే వెలిగే లైటు, అంతే. ఆమె మొగుడు చౌడప్పకు అయిదెకరాల ఎర్రనేల. మూడు బోర్లు వేస్తే మూడూ దుమ్ము కక్కాయి. శెనక్కాయ విత్తడం, ఆకాశం వంక చూడడం, ఎండిపోయిన చెట్లు పీకి గొర్రెలకు వేయడం, ఇదీ ఆయన సేద్యం.

"మా పంట యాడుండాదంటే ఈ మెట్ల మీదుండాది రోషనక్కా. ఈడ తుడిస్తే ఆడ కుండ ఉడుకుతాది" అనేది నల్లమ్మ. అని తనే పకపకా నవ్వేది. నవ్వడానికి ఏమీ లేని చోట కూడా నవ్వగల మనిషి.

పదకొండేళ్ళు ఒకే పెట్టె, పక్కపక్క సీట్లు. ఈమె డబ్బాలో ఆమె చెయ్యి, ఆమె డబ్బాలో ఈమె చెయ్యి. నల్లమ్మ తెచ్చే కొర్రన్నం, ఊరిబిండి పచ్చడి కోసం రోషన్ బీ ఇంట్లో టీ కూడా తాగకుండా వచ్చేది. కడుపున పుట్టినవాళ్ళకు చెప్పుకోనివి కూడా ఆ ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకున్నారు. తోబుట్టువులంటే ఒకే కడుపున పుట్టాలా ఏం?

ఇక లేపే వంతు సంగతి చెప్పాలి. ఈ కథకు అదే మూలం.

ఆ ఆడవాళ్ళు తెల్లవారుజామున మూడున్నరకు లేస్తారు. వండి, సర్ది, అయిదున్నర బండి పట్టుకుంటారు. దినమంతా నిలువుకాళ్ళ మీద పని. సాయంత్రం తిరుగు బండెక్కారంటే యలహంక దాటేలోపే ఆడవాళ్ళ పెట్టె మొత్తం నిద్రలో మునుగుతుంది. ఊరు దాటిపోతే? ఎన్నోసార్లు దాటిపోయి ఏడ్చినవాళ్ళే. అందుకని వాళ్ళే ఒక కట్టుబాటు చేసుకున్నారు. రోజుకొకరు మేలుకోవాలి, ఎవరి ఊరొస్తే వాళ్ళను తట్టి లేపాలి. అదే లేపే వంతు. భుజం మీద చెయ్యి పడిందంటే ఇంక కిటికీలోంచి తొంగిచూసేది లేదు, "వచ్చిందా?" అని అడిగేది లేదు. సంచి అందుకోవడం, సగం నిద్రలోనే దిగిపోవడం. దేవుణ్ణి నమ్మనివాళ్ళు కూడా ఆ చేతిని నమ్మారు. పదకొండేళ్ళలో ఒక్కరూ తప్పలేదు.

ఆ ఆషాఢంలో ఒక బుధవారం వంతు రోషన్ బీది.

ముందు రోజు రాత్రి మనవడు తౌఫిక్‌కు జ్వరం వచ్చి ఆమెకు కంటి మీద కునుకు లేదు. బెంగుళూరులో వాన పడి బండి ముప్పావు గంట ఆలస్యంగా బయల్దేరింది. నల్లమ్మ మొహం ఆ పూట కాస్త చిన్నబోయి ఉంది.

"ఏమైందే?" అంది రోషన్ బీ.

"ఏం లేదక్కా. మా బిడ్డ ఈశ్వరి పొద్దున నోరు జారె. కాలేజీలో అమ్మానాయనల్ని పిలిచినారంట, నాకు లీవు దొరకలే. 'నువ్వుండినా ఒకటే, ల్యాకపోయినా ఒకటే' అనె." అని కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత నవ్వింది. "పోనీలే. పిల్ల మాట. నేను మాయమ్మను ఇంతకన్నా పెద్ద మాటలే అన్న్యా. ఇంటికి పోయి బొబ్బట్లు చేసి పెడతా, అదే మాట్లాడతాది."

"పడుకో ఇంక. నేనుండాగదా" అంది రోషన్ బీ.

నల్లమ్మ కిటికీకి తల ఆనించి పడుకుంది. రామక్క, కనకాంబరాలు అమ్మే ఆమె, అప్పటికే గుర్రు పెడుతోంది. గౌరిబిదనూరు వచ్చింది, దిగేవాళ్ళను లేపింది. ఇక లేపాల్సింది నల్లమ్మనే, అక్కణ్ణుంచి మూడో స్టాపు ఎర్రబండలో. మొదటి స్టాపు పోయింది. రోషన్ బీ కళ్ళు మూసుకుంది. ఒక్క నిమిషమే అనుకుంది పాపం. ఎవరి నిద్రయినా ఒక్క నిమిషమని చెప్పే వస్తుంది కదా.

బండి కుదుపుతో ఆగింది. ఉలిక్కిపడి లేచింది. ఎక్కడాగింది? రెండోదా, మూడోదా? బయట చూస్తే చీకటి. చీకటి చూసి ఏం తెలుస్తుంది? ఆడవాళ్ళ పెట్టె ఎప్పుడూ చివరనే, హాల్టుల్లో ప్లాట్‌ఫారం అందాకా రానే రాదు, రోజూ దిగేది కంకర మీదికే. నిద్రలో రెండో స్టాపు జారిపోయి ఉంటుంది. హాల్టులో బండి నిమిషం కూడా ఆగదు. యా అల్లా, పాపం నల్లమ్మ హిందూపురం దాకా పోతుందే అనుకుని నల్లమ్మ భుజం పట్టి ఊపింది.

"లే నల్లమ్మా, లే! మీ ఊరొచ్చె!"

నల్లమ్మ లేచింది. సంచి అందుకుంది. "పోయొస్తా అక్కా" అంది, కళ్ళు సరిగ్గా తెరవకుండానే. రోజూ దిగినట్టే రెండు రైలు దార్ల నడుమకు, కంకర మీదికి దిగింది. రోజూ నడిచినట్టే అవతలి పట్టాల మీదుగా ఊరి బాటకు అడుగు వేసింది. ఊరు అక్కడ లేదు. బండి ఆగింది ఎర్రబండకు ఒకటిన్నర కిలోమీటరు ఇవతల, సిగ్నల్ పడక.

రోషన్ బీ చూడలేదు. పెద్ద కూత వింది. ఎదురుగా వచ్చే ఎక్స్‌ప్రెస్ గాలి కిటికీల్లోంచి ఈడ్చి కొట్టింది. రోజూ ఎన్ని బండ్లు అట్లా పోవు? కొంగు సర్దుకుని కూర్చుంది. కాసేపటికి తన బండీ కదిలింది. నాలుగు నిమిషాలు పోయాక మళ్ళీ ఆగింది. పెట్టె వాకిట్లోకి పోయి తల బయట పెట్టి చూస్తే, ముందర రేకుల షెడ్డు, ఆ రోజు ఖర్మకు వెలుగుతున్న లైటు. ఎర్రబండ.

 దిగి వెనక్కి పరిగెత్తాల్సింది. గార్డుతోనైనా చెప్పాల్సింది. ఆమె ఏమీ చేయలేదు. ఒకటిన్నర కిలోమీటరే గదా, తిట్టుకుంటూ నడిచొస్తాదిలే, పొద్దున నా వీపు పగలగొడతాది అనుకుంది. బండి కదిలింది. ఇంటికి పోయి అన్నం తినింది కూడా. 

తెల్లారి హిందూపురం ప్లాట్‌ఫారం మీద ఆడవాళ్ళందరూ గుమిగూడి ఉన్నారు. కొందరు ఏడుస్తున్నారు. రామక్క ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"నల్లమ్మ పాయె గదక్కా! పట్టాల కింది మోరీ కాడ ఎక్స్‌ప్రెస్ కొట్టిందంట. ఆడ ఏంటికి దిగె? నిన్న నీ వంతే గదా? నువ్వు లేపితివా?"

నిజం నోటి దాకా వచ్చింది. వచ్చి అక్కడ ఆగిపోయింది. అన్ని కళ్ళు తన మీదే ఉన్నాయి. తన నోరు తను అనుకోని మాట ఒకటి అనేసింది.

"నేను లేపలే. తనే లేసి పాయె. ఈడ గాదే అన్న్యా, ఇనిపించుకోలే."

అంతే. పట్టుమని పది మాటలు లేవు. ఆ పది మాటలు ఏం చేశాయో చూడండి.

పదకొండేళ్ళుగా ఒకే చోట దిగే మనిషి, ఊరు లేని చోట, చీకట్లో, వద్దన్నా వినకుండా ఎందుకు దిగుతుంది? దిగి ఎదురొచ్చే బండి ముందుకు ఎందుకు పోతుంది? కుండ మూతికి మూకుడుంది, ఊరి నోటికి మూకుడేదీ? చౌడప్ప ఆమె గొలుసు అమ్మి బోరు వేశాడని ఒకరన్నారు. కూతురు తిట్టి పంపిందని ఒకరన్నారు. పొద్దున వాకిట్లో ఈశ్వరి అన్న మాట పక్కింటివాళ్ళు విననే విన్నారు. సాయంత్రానికల్లా ఎర్రబండలో అందరికీ తెలిసిపోయింది, నల్లమ్మ తనకు తానే బండి కింద పడిందని. ఆ ఊళ్ళో వాళ్ళ వంశంలో అట్లా పోయినవాళ్ళను ఊళ్ళోకి తేరు, పెద్దల సమాధుల పక్కన పెట్టరు. మోరీ దగ్గర, చేను గట్టు కింద పూడ్చారు.

అయిదో రోజున చౌడప్ప హిందూపురం స్టేషన్‌కు వచ్చాడు. రోషన్ బీని వెతుక్కుని వచ్చి ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. గెడ్డం మాసి ఉంది.

"అక్కా, కడాకు పక్కనుండింది నువ్వే. ఏమన్నా చెప్పెనా? నామీద ఏమన్నా అనెనా? బిడ్డ మీద కోపంతో పాయెనా? ఏదుండినా చెప్పు, నేనేమీ అనుకోను."

అప్పుడైనా చెప్పొచ్చు కదా! చెప్పలేదు. "ఏం చెప్పలే అన్నా. తనే లేసి పాయె" అంది. మొదటిసారి అబద్ధం నోరు కాలుస్తుంది, రెండోసారికి చల్లారిపోతుంది. ఆయన తల ఊపుతూ లేచి, గోడ పట్టుకుని పోయాడు.

ఆ సాయంత్రం రోషన్ బీ తన మొగుడితో చెప్పేసింది. ఆయన చేతిలోని స్టవ్వు బర్నరు కింద పెట్టి, పోయి తలుపు వేసి వచ్చాడు.

"నోరు మూసుకుని ఊరికే ఉండు" అన్నాడు. "నువ్వు చెప్తే పోయినామె వస్తాదా? పోలీసులొస్తారు, పని పోతాది. ముసలితనంలో మనకేంటికే ఇది?"

జిలాన్ బాషా చెడ్డవాడు కాదు. భయస్తుడు. ఆమెకూ అప్పుడు కావలసింది అట్లాంటి మాటే.

నెల తిరిగేసరికి కాంట్రాక్టు మేస్త్రీ నల్లమ్మ పని ఈశ్వరికి ఇచ్చాడు. పందొమ్మిదేళ్ళ పిల్ల డిగ్రీ రెండో ఏడు మానేసి తల్లి నీలం కోటు తొడుక్కుని వచ్చింది. కోటు మోకాళ్ళ దాకా ఉంది. పెట్టెలో ఎవరూ చెప్పకుండానే అందరూ జరిగి తల్లి సీటు ఆ పిల్లకు విడిచిపెట్టారు. రోషన్ బీ పక్కన.

ఇంక ఆమె నరకం ఏం చెప్పమంటారు! ఆ పిల్ల మంచిదైనా కాకపోయిందా? "భుజం నొప్పి గదా, ఈయి పెద్దమ్మా" అని బకెట్లు తీసుకునేది. మధ్యాహ్నం డబ్బా తెచ్చి ముందు పెట్టేది. ఆ ఊరిబిండి రుచి అచ్చం తల్లిదే. రోషన్ బీ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కడుపులో మంట అని చెప్పి లేచిపోయేది. తిరుగు బండిలో అందరూ పడుకుంటే ఈశ్వరి మాత్రం పడుకోదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటుంది. గౌరిబిదనూరు దాటిందంటే చెక్క బెంచీ అంచు రెండు చేతులతో పట్టుకుంటుంది.

"రవ్వంత పడుకో బిడ్డా, లేపుతారులే" అంది ఒకరోజు రోషన్ బీ. అన్నాక తన మాట తనకే చేదయింది.

"నిద్ర రాదు పెద్దమ్మా. ఇంటికాడ గూడా రాదు."

రెండు నెలలు అట్లా గడిచాయి. ఎర్రబండలో శెనక్కాయ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. పెద్దల అమావాస్య వచ్చింది. ఆ రోజు ఇంట్లో చచ్చిపోయిన పెద్దలందరికీ కొత్త బట్టలు చేటలో పెట్టి, వండినవన్నీ వడ్డించి మొక్కుతారు. ఆ ఏడు పోయినవాళ్ళను కూడా అప్పుడే పెద్దల్లో కలుపుతారు. కలపకపోతే మనిషి ఇంటికీ కాక, కాటికీ కాక తిరుగుతూ ఉంటుందని వాళ్ళ నమ్మకం.

అమావాస్యకు ముందు రోజు సాయంత్రం. బండి గౌరిబిదనూరు దాటింది. పెట్టెలో అందరూ నిద్రలో ఉన్నారు. ఈశ్వరి కిటికీ వైపు నుంచి మొహం తిప్పింది.

"పెద్దమ్మా, ఒక మాట అడగల్ల నిన్ను."

"అడుగు బిడ్డా."

"రేపు అమ్మకు చీర పెట్టగూడదంట. రామాంజులు తాత చెప్పినాడు, తానై పోయినోళ్ళను పెద్దల్లో కలపగూడదంట. మా నాయన ఏమీ అనలే. గోడ పక్కకు తిరిగి పడుకున్యాడు. నేను చీర కొన్న్యా పెద్దమ్మా, మొదటి జీతంతో. పచ్చది." పిల్ల ఒళ్ళోని సంచి సర్దుకుంది. "అది గాదు అడగాలనుకునింది. ఆ పొద్దు లేసి పోయేటప్పుడు అమ్మ మొగం ఎట్లుండె? ఏడుస్తాండెనా? నీకి కనపడింటాది గదా. నేనన్న మాటకే పాయె. నాకి తెలుసు. ఊరికే మొగం ఎట్లుండెనో చెప్పు, చాలు."

రోషన్ బీ నోరు తెరిచింది. ఏడవలేదు బిడ్డా అని ఇంకో అబద్ధం చెప్పేస్తే సరిపోయేది. ఎంత తేలిక! ఆ పిల్ల కళ్ళు చూసింది. లోపలికి పీక్కుపోయి, నల్లని గీతలు పడి, నలభై ఏళ్ళ మనిషి కళ్ళలా ఉన్నాయి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ. ఇంక మోయడం ఆమె వల్ల కాలేదు.

"మీ యమ్మ తనై లేయలేదు ఈశ్వరీ. నేను లేపితి."

పిల్లకు అర్థం కాలేదు.

"నేనే లేపితి. కునుకు పట్టె నాకు. బండి సిగ్నల్ కాడ నిలబడితే మీ ఊరనుకుంటి. లే, మీ ఊరొచ్చె అంటి. ఆమె నా మాట నమ్మి దిగె. కండ్లు గూడా సరిగ్గా తెరవలే బిడ్డా. ఏడవలే. పోయొస్తా అక్కా అనె, అంతే." మాటలు ఆగడం లేదు. "నీ మీద కోపం గూడా లేదు. పొద్దున నువ్వన్న మాట నాకి చెప్పి నవ్వె. పిల్ల మాట, నేను మాయమ్మను ఇంతకన్నా అన్న్యా అనె. ఇంటికి పోయి నీకి బొబ్బట్లు చేయల్లని ఉండె. తెల్లారి అందురూ అడిగితే భయంతో అబద్ధం చెప్తి. అల్లా తోడు, భయంతోనే చెప్తి."

ఈశ్వరి అరవలేదు. కొట్టలేదు. కొట్టినా బాగుండేది. బెంచీ అంచు పట్టుకున్న చేతులు అట్లాగే ఉన్నాయి. బండి మొదటి స్టాపులో ఆగింది, కదిలింది. రెండో స్టాపులో ఆగింది, కదిలింది. ఎర్రబండ దగ్గరపడ్డాక లేచి సంచి తగిలించుకుంది.

"నాకి చెప్తే ఏం లాభం?" అంది. "మా ఊర్లో చెప్పు. రేపు పెద్దలకు పెట్టేలోపల వచ్చి చెప్పు."

దిగిపోయింది.

ఆ రాత్రి జిలాన్ బాషా కేకలేశాడు, బతిమాలాడు, చివరికి మంచం మీద కూర్చుని తల పట్టుకున్నాడు. "పోతే వాళ్ళు నిన్ను కొడతారే" అన్నాడు. "కొట్టనీ" అంది రోషన్ బీ. మర్నాడు అయిదున్నర బండెక్కింది. రెండో స్టాపు ఎర్రబండలో దిగింది. పదకొండేళ్ళుగా రోజూ రెండుసార్లు చూసిన హాల్టు, ఆ నేల మీద ఆమె కాలు పెట్టింది అదే మొదటిసారి. రామక్క బండి వాకిట్లోంచి అరుస్తూనే ఉంది, "యాడికక్కా? ఈడ దిగితివేంటికి?" అని. జవాబు చెప్పలేదు.

చౌడప్ప ఇల్లు అడిగి తెలుసుకుని పోయింది. అలికిన నేల మీద చేటలో పంచెలు, చీరలు మడతలు పెట్టి ఉన్నాయి. పొయ్యి మీద మాంసం ఉడుకుతోంది. అయినవాళ్ళు పదిమంది ఉంటారు. అరుగు మీద రామాంజులు, ఆ వంశానికి పెద్దాయన, కర్ర ఆనించుకుని కూర్చున్నాడు. ఈశ్వరి పొయ్యి దగ్గర ఉంది. ఈమెను చూసి లేచి నిలబడింది, దగ్గరికి రాలేదు.

"ఏమక్కా, ఇట్లొచ్చితివి?" అన్నాడు చౌడప్ప. "కూచో, కాళ్ళు కడుక్కో."

"కూచోను అన్నా. చెప్పి పోతా."

వాకిట్లో నిలబడే చెప్పింది. కునుకు పట్టడం, బండి ఆగడం, లేపడం, తెల్లారి ఆడిన అబద్ధం, స్టేషన్లో ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంటే మళ్ళీ ఆడిన అబద్ధం, అన్నీ. దాచుకోలేదు, తక్కువ చేసుకోలేదు.  పొయ్యి మీద కూర అడుగంటిన వాసన వచ్చాక ఎవరో పోయి దించారు.

ఒక ముసలామె ముందుగా నోరు తెరిచింది. "నీ నోట్లో మన్నుపడ! ఎంత పని చేస్తివే!" అని దుమ్మెత్తి పోసింది. రోషన్ బీ తల వంచుకుని పడింది. రామాంజులు కర్రతో నేల మీద కొట్టి ఆమెను ఊరుకోబెట్టాడు.

"ఊరికే ఉండండి. అయితే నల్లమ్మ తానై పోలేదు. నిద్ర మబ్బులో ఇంటికే వస్తా పాయె. ఇంటికి వచ్చే మనిషిని మనం ఇంట్లోకి రానీలేదప్పా. తప్పు మనది గూడా. చీర పెట్టండి."

చౌడప్ప స్తంభానికి ఆనుకుని జారి కూర్చున్నాడు. పెద్దగా ఏడ్చాడు. అంత పెద్ద మనిషి ఏడుస్తుంటే చూడలేక మగవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు.

"ఇంటికే వస్తాండెనా" అన్నాడు, అదే మాట మళ్ళీ మళ్ళీ. "ఇంటికే వస్తాండెనా నల్లీ." కొంతసేపటికి కండ్లు తుడుచుకుని రోషన్ బీ వైపు చూశాడు. "ఆ పొద్దే చెప్పింటే ఏమి పోయిండె అక్కా? నీ కాళ్ళ కాడ కూచోని అడిగితినే. నిన్ను ఏమంటుంటి నేను?"



ఈశ్వరి లోపలికి పోయి చీర తెచ్చింది. పచ్చ చీర, మడత విప్పలేదు. వంగి చేటలో, నాయనమ్మ చీర పక్కన పెట్టింది. కాసేపు దాని మీద చెయ్యి ఆనించి ఉంచింది. తర్వాత లేచి రోషన్ బీ ముందుకు వచ్చి నిలబడింది.

"మాయమ్మకు పెద్దల్లో చోటిస్తివి. సరే" అంది. గొంతు గట్టిగా లేదు. "ఈ మూన్నెల్లూ మా యమ్మను నేనే సంపుకున్న్యా అనుకుంటి పెద్దమ్మా. నా పక్కనే కూచోని చూస్తాంటివి. నా బకెట్ నేను, నీ బకెట్ నేను మోస్తాంటే చూస్తాంటివి. దాన్ని యాడ పెట్టల్ల నేను? ఏ చేటలో పెట్టల్ల?"

 క్షమించమని రోషన్ బీ అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? కొంగు నోట్లో కుక్కుకుని వెనక్కి తిరిగింది. వాకిలి దాటుతుంటే చౌడప్ప గొంతు వినబడింది.

"అమ్మే ఈశ్వరీ, ఆమెను స్టేషన్ కాడికి వదిలిపెట్టి రా. బాట కొత్త ఆమెకు."

ఇద్దరూ నడిచారు. పిల్ల ముందు, ఈమె వెనక. రెండు పక్కలా వాడిపోయిన శెనక్కాయ చేలు.  పొద్దున బండి ఆగింది ఊరి పక్క పట్టాల మీదే గనుక దాటేది ఏమీ లేకపోయింది. ఇప్పుడు హిందూపురం బండి కావాలంటే రెండు రైలు దార్లూ దాటి అవతలికి పోవాలి. ఈశ్వరి మొదటి పట్టా దాటి నిలబడి వెనక్కి చూసింది.

రోషన్ బీ పట్టాకు ఇవతలే ఆగిపోయింది. కాలు లేవడం లేదు. ఎంత లాగినా లేవడం లేదు. ఎండలో మెరుస్తున్న ఆ ఇనుమును చూస్తూ, "దాటలేను బిడ్డా" అంది.

 ఈశ్వరి వెనక్కి వచ్చింది. అటు చూసింది, ఇటు చూసింది, బండ్లేమీ లేవని చూసుకుని రోషన్ బీ చెయ్యి పట్టుకుంది. చంటిపిల్లను నడిపించినట్టు గట్టిగా, మణికట్టు దగ్గర పట్టుకుని, ఒక పట్టా, రెండో పట్టా, కంకర, మళ్ళీ రెండు పట్టాలు దాటించింది.

దాటాక చెయ్యి వదిలేసింది. మళ్ళీ అటూ ఇటూ చూసుకుని ఊరి వైపు నడిచిపోయింది.